అనంతపురం మిద్దె మీద కేల్: దసరాకు నారు, శివరాత్రికి సెలవు

కేల్ అనే ఆకుకూర నారు పోసుకోవడానికి నాకు గుర్తు దసరా. ఆయుధపూజ నాడు మావారు కింద స్కూటర్ కడుగుతుంటే నేను మిద్దె మీద ట్రేలో విత్తనాలు వేస్తుంటాను. ఒక ఏడాది పంట పోగొట్టుకున్నాకే ఈ గుర్తు పెట్టుకున్నాను. ప్యాకెట్ మీద చలికాలపు పంట అని ఉంటే, చలి మొదలయ్యాక డిసెంబరులో పోశాను. మొలిచాయి, నాటాను, ఆకు అరచేయంత అయ్యేసరికి శివరాత్రి వచ్చేసింది. మార్చిలో కోసి పప్పు చేస్తే మా అత్తమ్మ ఒక్క ముద్ద తిని, "ఏం ఆకు మే ఇది, ఇంత చేదు?" అని కంచం పక్కకు జరిపింది.

తప్పు ఆకుది కాదు, నేను పోసిన కాలానిది. కేల్ క్యాబేజీకి, కాలీఫ్లవర్‌కు, నూల్‌కోల్‌కు తోబుట్టువు. కాకపోతే గడ్డ కట్టదు, పువ్వు కట్టదు, కాడ చుట్టూ ఆకులే వేస్తూ పోతుంది. మంచు కురిసే దేశాల్లో ముదిరిన మొక్క మైనస్ 10 డిగ్రీల చలికి కూడా తట్టుకుంటుంది. ఆకులో నీరు గడ్డకట్టకుండా తనలోని పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. చలి దెబ్బ తిన్న కేల్ తియ్యగా ఉంటుందనేది అందుకే. అక్కడివాళ్లు మొక్కను మంచు నుంచి ఎలా కాపాడాలో చెబుతారు. మనకు ఆ బాధ లేదు. అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల దాపుకు దిగితే అదే పెద్ద చలి. అది ఉండేది రెండు నెలలు. ఆ రెండు నెలలకు మొక్క పెరిగి, ఆకు కోతకు సిద్ధంగా ఉండాలి. విత్తిన దగ్గర్నుంచి మొదటి కోతకు 55, 60 రోజులు పడుతుంది కాబట్టి దసరా నుంచి దీపావళి లోపల విత్తనం పడాల్సిందే.

విత్తనాల్లో ముడతల ఆకు రకం చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ ముడతల్లో పేనుబంక చేరితే కడిగినా పోదు. నేను టస్కన్ రకం వేస్తాను. పొడవాటి ముదురాకుపచ్చ ఆకు, పైన చిన్న చిన్న బుడిపెలు. తిప్పి చూస్తే పురుగు దాక్కోవడానికి చోటుండదు, మన ఎండకు కూడా కాస్త ఓర్చుకుంటుంది. విత్తనాలు మన మొక్క నుంచి రావు, కొనుక్కోవాల్సిందే. వారాల తరబడి గట్టి చలి తగిలితేగాని ఈ మొక్క పూతకు రాదు, మన దగ్గర అంత చలి ఎక్కడిది.

నారుకు కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సగం సగం కలిపి, పిడికెడు ట్రైకోడెర్మా పొడి (కుళ్లు తెచ్చే బూజును అణిచే మంచి బూజు) చల్లుతాను. మనకు అక్టోబరు వానలున్నాయి కదా, రెండు రోజులు ముసురు పట్టిందంటే నారుకుళ్లు వచ్చి మొలకలు మొదట్లో సన్నబడి పడిపోతాయి. విత్తనం చిటికెన వేలి గోరంత లోతు చాలు. వారంలో మొలుస్తుంది. నాలుగైదు ఆకులు వచ్చాక, అంటే నెల దాటాక, సాయంత్రం పూట నాటాలి. కింది ఆకుల దాకా కాడను మట్టిలోకి దించితే గాలికి ఊగదు.

మొక్కకొక 12 అంగుళాల సంచి. నేలలో అయితే అడుగున్నర ఎడం. మట్టి మన ఎర్రమట్టే, మూడింట ఒక వంతు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి ఎరువు వేయొద్దు.

నవంబరు పగళ్లు మన దగ్గర ఇంకా ఎండాకాలంలాగే ఉంటాయి. నాటిన మొదటి మూడు వారాలు 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టండి. నెట్ కంటే కూడా నాకు మేలు చేసింది వేరుశనగ పొట్టు. మన జిల్లాలో దానికేం కొదవ? మా పుట్టింట్లో కాయలు వలిచాక మిగిలిన పొట్టు మూటెడు తెచ్చుకుని, సంచుల్లో మట్టి మీద రెండు అంగుళాల మందాన పరుస్తాను. మధ్యాహ్నం పైపొట్టు కరకరలాడుతున్నా, వేలు పెడితే లోపల మట్టి తడిగా, చల్లగా తగులుతుంది. కేల్‌కు కావలసింది వేళ్ల దగ్గర ఆ చల్లదనమే. పొద్దున ఒక్కసారి నీళ్లు పోస్తే చాలు. మా బోరు నీళ్లు ఉప్పు, సంచి అంచున తెల్లగా పొర కడుతుంది. అందుకని పది రోజులకొకసారి అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా నిండుగా పోస్తాను, ఉప్పు కొట్టుకుపోతుంది.

బలానికి కూడా మన వేరుశనగే. నూనె తీయగా మిగిలిన చెక్క 100 గ్రాములు ఐదు లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, తేరిన నీటికి పదింతలు మంచినీళ్లు కలిపి, 15 రోజులకోసారి మొదట్లో పోయాలి. వాసన గట్టిగా ఉంటుంది, సాయంత్రం పోయండి. అందులో నత్రజని బాగా ఉంటుంది కాబట్టి ఆకు వెడల్పు మారేది కళ్లకు కనబడుతుంది.

ఇక పురుగు. మన దగ్గర కేల్‌ను చంపేది చలి కాదు, ఇదే. రెండో ఏడు నాలుగు మొక్కలు నాలుగు రోజుల్లో జల్లెడయ్యాయి, నాకు ఏడుపొచ్చినంత పనైంది. రాత్రి ఫోన్ టార్చి వేసి ఆకు తిప్పితే బియ్యపు గింజంత ఆకుపచ్చ పురుగు. వేలు తగలగానే వెనక్కి వెనక్కి గింజుకుని, సన్నని దారం పట్టుకుని కిందికి వేలాడింది. అలా వేలాడితే అది డైమండ్ బ్యాక్ మాత్ పిల్ల పురుగే. రెక్కలు ముడిచిన పెద్ద పురుగు వీపున డైమండ్ ఆకారాలు కనబడతాయి. చిన్నప్పుడు ఆకు కింది పొరే గీకి తింటుంది, పైపొర గాజు కిటికీలా మిగులుతుంది. ఆ తెల్ల మచ్చ కనబడిన రోజే పని మొదలుపెట్టాలి.

బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు క్యాబేజీ రైతులకు చెప్పిన ఉపాయం మిద్దె మీదా పనిచేస్తుంది. క్యాబేజీ 25 సాళ్లకొకసారి ఆవాలు వేయమంటారు, పురుగు ముందు ఆవాల మీద వాలుతుంది. నేను కేల్ నాటడానికి 15 రోజుల ముందే రెండు వెడల్పు టబ్బుల్లో పోపుడబ్బాలోని ఆవాలే చల్లుతాను. కేల్ నాటిన మూడు వారాలకు ఇంకోసారి. ఆవాల ఆకు మీద పురుగు కనబడితే ఆ మొక్క పీకి సబ్బు నీళ్లలో ముంచుతాను. కేల్ మీదికి మాత్రం వారానికోసారి వేపగింజల కషాయం. వేపగింజల లోపలి పప్పు 50 గ్రాములు దంచి, గుడ్డలో మూటకట్టి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి పిండి, రెండు చుక్కలు కుంకుడు రసం కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. అప్పటికీ తగ్గకపోతే బీటీ పొడి (పురుగును చంపే బ్యాక్టీరియా మందు), పొద్దు వాలాక. ఎండలో కొడితే దాని శక్తి పోతుంది.

కోత అడుగు ఆకుల నుంచి. కాడ పట్టి కిందికి వంచితే టప్‌మని వస్తుంది. పైన ఐదారు ఆకులు వదిలేస్తే వారానికి మళ్లీ కోతకొస్తుంది. తెల్లవారి కోసినవి బిరుసుగా, తాజాగా ఉంటాయి. సంక్రాంతి ముందు కోసిన ఆకు నమలగా నాకు చివర్లో చిన్న తీపి తగిలింది, మంచు దేశాల తీపి కాదనుకోండి, కానీ చేదు పూర్తిగా పోయింది. నడి ఈనె తీసేసి, సన్నగా తరిగి, కందిపప్పు, పచ్చిమిర్చి, చింతపండుతో ఉడికించి ఎనపండి, పాలకూర కంటే కాస్త ఎక్కువసేపు ఉడకాలి. రాగి సంగటిలోకి బ్రహ్మాండంగా ఉంటుంది. అత్తమ్మ ఈసారి రెండోసారి వడ్డించుకుంది. మామగారికి మాత్రం డాక్టరును అడిగాకే పెట్టాను. ఆయన రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడతారు, కేల్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ, మందు పనిని అది తగ్గిస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మందు మీద ఉంటే తప్పకుండా అడగండి.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. దాంతోపాటే కేల్‌నూ తీసేస్తాను. ఆశపడి ఉంచుకుంటే ఆకు చేదెక్కి పేనుబంకకు ఇల్లవుతుంది. కాడలు గట్టివి, త్వరగా కుళ్లవు, కత్తితో ముక్కలు చేసి కంపోస్టు డ్రమ్ములో వేయాలి. ఆ మట్టిలో వెంటనే క్యాబేజీ జాతివి పెట్టకండి. మా సంచుల్లో ఉగాదికి గోరుచిక్కుడు మొలుస్తుంటుంది.