చప్పట్లు పాటతో కలవడం లేదా? క్లిప్పుల కోతలో సమస్యలు - పరిష్కారాలు

సద్దుల బతుకమ్మ రాత్రి హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర తీసిన వీడియో ఎడిట్ చేయడానికి కూర్చుంటే, రంగులూ ఎఫెక్టుల కంటే ముందు సతాయించేవి క్లిప్పుల అంచులే. కొత్తగా స్టూడియోలో చేరినవారి కోసం ఇది రాస్తున్నాను. షార్ట్‌కట్లు విండోస్‌లోని ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌వి.

సమస్య: మధ్యలో ఒక క్లిప్పు తగ్గించగానే అక్కడి నుంచి చప్పట్లు పాటతో కలవడం లేదు.

కారణం: మీరు చేసింది రిపుల్ కోత. ఖాళీ మిగలకుండా తర్వాతి దృశ్యాలన్నీ ముందుకు జరిగాయి. కింద ఒకే పొడవాటి క్లిప్పుగా ఉన్న పాట మాత్రం కదలలేదు.

పరిష్కారం: ముందు కంట్రోల్, జెడ్ నొక్కి వెనక్కి రండి. పాట ట్రాక్‌కు తాళం వేయండి. రెండు క్లిప్పులు కలిసే చోటు మారాలంటే ఎన్ నొక్కి రోలింగ్ టూల్ తీసుకోండి. ఒకటి తగ్గినంత మేర రెండోది పెరుగుతుంది, మొత్తం నిడివి మారదు.

చోటు బాగానే ఉండి చప్పట్లే తప్పితే స్లిప్ టూల్ వాడండి, దాని మీట వై. క్లిప్పు ఉన్నచోటే ఉంటుంది, లోపలి దృశ్యం మాత్రం జరుగుతుంది. లాగుతున్నంతసేపూ మానిటర్‌లో దాని మొదటి, చివరి ఫ్రేములు కనిపిస్తాయి. క్లిప్పు మొదలును పాటలో చప్పట్లు పడే చోట పెట్టి, మొదటి ఫ్రేములో అరచేతులు తాకేదాకా జరపండి. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 0.04 సెకను మాత్రమే. అయినా నాలుగైదు ఫ్రేములు తప్పితే ఆడినవాళ్లు ఇట్టే పసిగడతారు. ఇక్కడ ఓపిక పట్టి తీరాలి.

సమస్య: అంచు లాగినా క్లిప్పు పొడవు పెరగడం లేదు.

కారణం: పక్క క్లిప్పు అడ్డుండవచ్చు, లేదా తీసిన వీడియోయే అయిపోయి ఉండవచ్చు. క్లిప్పు మూలన చిన్న త్రికోణం కనిపిస్తే రెండోదే కారణం.

పరిష్కారం: పక్క క్లిప్పు అడ్డుంటే బి నొక్కి రిపుల్ టూల్‌తో లాగండి. తర్వాతి దృశ్యాలు వెనక్కి జరుగుతాయి కనుక పాట సంగతి చూసుకోండి. వీడియోయే అయిపోతే ఆర్ నొక్కి అంచు లాగండి, వేగం తగ్గి నిడివి పెరుగుతుంది. నీటిలో తేలిపోతున్న బతుకమ్మకు ఇది బాగుంటుంది. ఆడుతున్న దృశ్యానికి వద్దు, అడుగు తాళం తప్పుతుంది.

సమస్య: డిజాల్వ్ (ఒక దృశ్యం కరిగి రెండోదిగా మారడం) వేస్తే మీడియా చాలదని హెచ్చరిక వస్తోంది, కలిసేచోట బొమ్మ గడ్డకట్టినట్టు ఆగుతోంది.

కారణం: కోతకు అవతల మిగులు, అంటే వాడని వీడియో, లేదు. కోత మధ్యలో వేసే ఒక సెకను డిజాల్వ్‌కు రెండు క్లిప్పుల్లోనూ అర సెకను చొప్పున మిగులు కావాలి.

పరిష్కారం: రెండు అంచులూ అర సెకను లోపలికి తగ్గించి మళ్లీ వేయండి. అసలు మందు కెమెరా దగ్గరే ఉంది. పెళ్లి వీడియో అయితే తలంబ్రాలు చేతిలోకి తీసుకోకముందే రికార్డింగ్ మొదలుపెట్టాలి, చివర కూడా కొన్ని సెకన్లు ఆపకుండా ఉంచాలి. ఈ మాట కెమెరా పట్టేవారికి ప్రతి పెళ్లికీ చెప్పండి.

సమస్య: బొమ్మ మాత్రమే తగ్గించాలి, శబ్దం కూడా పోతోంది.

పరిష్కారం: రెండూ జతపడి ఉన్నాయి. ఆల్ట్ నొక్కి పట్టుకుని బొమ్మ అంచు మాత్రమే లాగండి.

సమస్య: అంచు కావలసిన ఫ్రేము దగ్గర ఆగకుండా పక్క కోతకు అతుక్కుంటోంది.

పరిష్కారం: ఎస్ నొక్కి స్నాప్ తీసేయండి. లేదా అంచును ఎంచుకుని, కంట్రోల్ పట్టుకుని బాణం మీటలతో ఒక్కో ఫ్రేమూ జరపండి.