అద్దం ముందు బాగున్న వేషం వేదిక దాకా ఎందుకు నిలవదు?

కృష్ణాష్టమికి చిన్ని కృష్ణుడు, ఆగస్టు 15కి అల్లూరి, అక్టోబరు 2కి గాంధీ, మధ్యలో ఎప్పుడో ఒక హనుమంతుడు. బడికి వెళ్లే పిల్లలున్న ఇంట్లో ఏడాదికి ఒక్క రాత్రయినా జిగురు డబ్బా ముందు జాగారం తప్పదు. మా ఇద్దరు పిల్లలకూ, ఆ తర్వాత ఇరుగుపొరుగు పిల్లలకూ చేసి చేసి నాకు తెలిసివచ్చింది ఒకటే. మనం నిలబడి ఉన్న పిల్లవాడికి వేషం కడతాం. వాడు దానితో ఆటోలో కూర్చుంటాడు, చాప మీద గంటన్నర వంతు కోసం ఎదురుచూస్తాడు, మధ్యలో ఒంటికి వెళ్లాలంటాడు. కింది తిప్పల్లో చాలావరకు అక్కడ పుట్టినవే. అందుకే ముందురోజు అరగంట సేపు వేషం వేసి, అన్నం తినిపించి చూడండి. ఏది ఊడాలో అది ఇంట్లోనే ఊడుతుంది.

కిరీటం కళ్ల మీదికి జారుతోంది

కారణం తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. పిల్లవాణ్ణి కిందికి వంగి చెప్పులు తొడుక్కోమనండి. కిరీటం నేరుగా కనుబొమల దాకా దిగితే చుట్టుకొలత ఎక్కువైంది. ముందుకు ఒరిగి పడిపోతే ముందువైపు బరువెక్కింది. దిగకుండా, పడకుండా పక్కకు తిరిగిపోతే లోపల పట్టు లేదు.

చుట్టుకొలత సంగతి ముందు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల తల సుమారు 50 నుంచి 52 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ లెక్కను నమ్మి అట్టను గుండ్రంగా అతికించేయకండి. జుట్టు ముడి వేస్తే ఒక కొలత, విగ్గు పెడితే ఒక కొలత. వెనక రెండంగుళాలు ఖాళీ వదిలి, అక్కడ వెడల్పాటి ఎలాస్టిక్ పెట్టండి. దాన్ని జిగురుతో అతికిస్తే లాగినప్పుడు ఊడుతుంది, స్టేప్లర్ పిన్ను కొడితే దాని మొన జుట్టు పీకుతుంది. అట్టకు రంధ్రాలు చేసి దారంతో కుట్టడమే మేలు.

బరువు మన ఆశ వల్ల వచ్చేది. దుకాణంలోని కిరీటంలా ఉండాలని ముందువైపు కుందన్లన్నీ గుప్పిస్తాం. ఎత్తు ఆరంగుళాలు దాటనివ్వకండి. రాళ్లకు బదులు నూలు తాడును మెలికలుగా అతికించి, అది ఆరాక అంతటికీ కలిపి బంగారు రంగు వేయండి. పది అడుగుల దూరం నుంచి చూస్తే చెక్కిన లోహంలాగే ఉంటుంది. తల్లిదండ్రులు కూర్చునేది అంతకన్నా దూరంలోనే కదా. పట్టు కోసం నుదురు తగిలేచోట పాత టీషర్టు పట్టీ అతికిస్తే చాలు. చెమట కూడా అదే పీలుస్తుంది.

గుండ్రంగా చుట్టాల్సిన అట్ట మడతలు పడుతోంది

అట్టపెట్టె అంచును ఒకసారి చూడండి. రెండు కాగితాల మధ్య అలల్లాంటి గొట్టాలు కనిపిస్తాయి. ఆ గొట్టాలు కిరీటంలో నిలువుగా నిలబడేలా కత్తిరిస్తే అట్ట చక్కగా వంగుతుంది. అడ్డంగా వస్తే వంగదు, ఎక్కడికక్కడ విరుగుతుంది. ఇప్పటికే తప్పుగా కత్తిరించి ఉంటే, లోపలివైపు కాగితం పొరను కాస్త తడిపి ఒలిచేయండి, చాలావరకు దారికొస్తుంది. ఫోమ్ షీటు వాడేవారికి ఈ బాధ లేదు. హెయిర్ డ్రయ్యరుతో వెచ్చచేసి, పప్పుల డబ్బాకు చుట్టి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది.

రాత్రి అతికించిన తళుకు కాగితం పొద్దున్నే ఊడింది

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురులో ఉండేది చాలావరకు నీరు. ఆ నీరు బయటికి పోతేనే పట్టు వస్తుంది. కింద ఫోమ్, పైన ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం పెడితే నీరు పోవడానికి దారి లేదు. తెల్లవార్లూ ఆగినా లోపల పాలలాగే ఉంటుంది. ఇలాంటిచోట రెండువైపులా అంటుకునే టేపు వాడండి. అట్ట మీదైతే తెల్ల జిగురే మంచిది, పలుచగా రాసి పైన పుస్తకాలు పెట్టండి. మందంగా రాస్తే కాగితం ఉబ్బి ముడతలు తేలుతుంది.

థర్మాకోల్‌కు మాత్రం ఘాటైన వాసన వచ్చే రబ్బరు జిగురు తాకించకండి. అది థర్మాకోల్‌ను కరిగించి గుంటలు చేస్తుంది. స్ప్రే రంగు సంగతీ అంతే. నేనొకసారి సుదర్శన చక్రానికి వెండి రంగు కొట్టి, ఐదు నిమిషాల తర్వాత చూస్తే ఎలుకలు కొరికిన అప్పచ్చిలా ఉంది. స్ప్రే తప్పదనుకుంటే ముందు తెల్ల జిగురు రెండు పూతలు వేసి, అది పూర్తిగా ఆరనివ్వాలి. బ్రష్షుతో నీటి రంగు వేయడం ఇంకా సులువు.

పంచె జారిపోతోంది

పెద్దవాళ్లకు కట్టినట్టు కట్టి, నాలుగు పిన్నీసులు గుచ్చడం వల్ల వచ్చే చిక్కు ఇది. పిల్లలకు పంచె నిలిచేంత నడుము ఎక్కడిది? పైగా ఒంటికి వెళ్లి వచ్చాక మళ్లీ కట్టేదెవరు? టీచరమ్మ మిగతా ముప్ఫైమందిని చూసుకోవాలి. కాబట్టి పంచె కట్టవద్దు, కుట్టండి. పాత లెగ్గింగో, ఎలాస్టిక్ నిక్కరో తీసుకుని, ముందు కుచ్చిళ్లు మడిచి దాని నడుముకు కుట్టేయండి. ఐదేళ్లవాడికి రెండు మీటర్ల మెత్తటి నూలు బట్ట సరిపోతుంది. అంచు కోసం చిరిగిన పట్టుచీర జరీ వాడండి, కానీ దాని లోపలివైపు నూలు పట్టీ వేయడం మరవకండి. జరీ ఒరుసుకుంటే పిల్లలు పద్యం మధ్యలో గోక్కుంటారు.

పసుపుతో అద్దిన పీతాంబరంలో ఎర్రటి మచ్చలు

తెల్ల పంచెను పసుపు నీళ్లలో ముంచి పీతాంబరం చేయడం అందరికన్నా చవకైన ఉపాయం. మచ్చలు రావడానికి కారణం బట్టలో మిగిలిపోయిన సబ్బు. పసుపుకు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి కోసం పసుపులో సున్నం కలిపిన చేతులకు ఇది కొత్త విషయం కాదు. కంగారుపడి మళ్లీ సబ్బుతో ఉతికారో, మచ్చ ఇంకా పెరుగుతుంది. బకెట్ నీళ్లలో రెండు నిమ్మకాయలు పిండి, బట్టను అందులో ముంచి తీయండి, పసుపు రంగు తిరిగొస్తుంది. ఆరేసేది నీడలో. ఎండలో పసుపు త్వరగా వెలిసిపోతుంది.

నీలం రంగు పూస్తే దద్దుర్లు

చార్టుల మీద వేసే పోస్టర్ రంగు, అక్రిలిక్ రంగు, హోలీలో మిగిలిన పొడి, ఈ మూడూ ఒంటికి పూసేవి కావు. దద్దుర్లకు మొదట అనుమానించాల్సింది వీటినే. దద్దు కనిపిస్తే అప్పటికప్పుడు కడిగేయండి, పోటీ ఉన్నా సరే. కళ్లు, పెదవులు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి. చర్మానికి వాడే ఫేస్ పెయింటయినా ముందురోజు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత పూసి, ఒక రోజు ఆగి చూడాలి. నన్నడిగితే ఆ రంగే అక్కర్లేదు. తలలో పింఛం, చేతిలో మురళి, నుదుట నామం ఉంటే తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా వాడు కృష్ణుడేనని గుర్తుపట్టని వాళ్లు మన ఊళ్లలో లేరు. మరీ కావాలంటే లేతనీలం బనియను తొడగండి.

హనుమంతుడి తోక నేల మీద ఈడుస్తోంది, గద మెడ విరిగింది

తోకను పంచెకు కుడితే తోకా పంచే కలిసి జారతాయి. లోపల నవారుతో వేరే నడుంపట్టీ కట్టి, తోకను దానికి వెల్క్రోతో తగిలించండి. కూర్చునేటప్పుడు పీకి ఒళ్లో పెట్టుకోవచ్చు. లోపల దూది బరువు, పాత దిండులోని పాలియెస్టర్ పీచు తేలిక. వంపు నిలవడానికి తీగ పెడితే దాని కొసలు గుండ్రంగా వంచి టేపు చుట్టాలి.

గదకు గాలిబుడగ మీద పాత పేపరు ముక్కలు మైదా జిగురుతో అంటిస్తాం. అది సొట్టపోతే మీరు పొరలన్నీ ఒకేసారి వేశారన్నమాట. కాగితం ఆరేలోపే బుడగలో గాలి తగ్గిపోతుంది. రెండు పొరలు వేసి ఫ్యాను కింద ఆరబెట్టి, మరో రెండు వేయండి. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది విషం, గద మూతి పిల్లల నోట్లోకి వెళ్లకుండా ఉండదు. ఇక మెడ విరగడమంటారా, కర్రను గుండు అంచుకు మాత్రమే అతికించినందువల్ల. కర్ర గుండులోకి దూరి అవతలి గోడను తాకాలి. బట్టల దుకాణంలో తానులు చుట్టే అట్టగొట్టం అడిగితే ఊరికే ఇస్తారు, గదకు అంతకన్నా మంచి పిడి లేదు.

అల్లూరి గడ్డం ఊడుతోంది, విల్లు విరిగింది

చెమట పట్టిన చర్మం మీద ఏ టేపూ నిలవదు, గట్టిగా నిలిచేవి చర్మాన్ని లాగుతాయి. నల్ల ఉన్నిని నెట్ గుడ్డకు కుట్టి, చెవులకు ఎలాస్టిక్‌తో తగిలించండి. ఉన్ని నల్లదే కావాలి సుమా. 1924లో చనిపోయేనాటికి ఆయనకు ముప్ఫై ఏళ్లయినా లేవు, తెల్లగడ్డం పెట్టి ముసలివాణ్ణి చేయకండి. ఎండిన వెదురు బద్ద వంచితే కణుపు దగ్గర విరుగుతుంది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి వంచండి. బాణానికి మొన బదులు స్పాంజి ముక్క.

గాంధీగా చొక్కా విప్పనంటున్నాడు

సిగ్గు కావచ్చు, ఏసీ గదిలో చలి కావచ్చు. బతిమాలకండి. గాంధీ కొల్లాయికి మారింది 1921 సెప్టెంబరులో, మదురైలో. 1915లో దక్షిణాఫ్రికా నుంచి వచ్చినప్పుడు ఆయన వేసుకున్నది గుజరాత్‌లోని తమ కాఠియావాడ్ ప్రాంతపు దుస్తులు, తలపాగా. మీవాడికి పొడుగు చేతుల తెల్ల అంగరఖా, పంచె, తలపాగా కట్టి, పరిచయ వాక్యంలో ఆ సంవత్సరం చెప్పించండి. తలపాగా ఉంటే బోడితల టోపీ జారే బాధ కూడా పోతుంది.