కాలిన కొండవాలు మీద అందరం పనికి దిగేముందు

కార్చిచ్చుకు కాలిన వాలును బాగుచేసే పని తొలి వానలకు ముందే మొదలుపెట్టాలి. దానికంటే ముందు ఇవి చూసుకోండి.

• నిలబడి ఉన్న కాలిన చెట్ల కింద ఎవరినీ పని చేయనివ్వొద్దు. వేర్లు లోపలే కాలిపోయి ఉంటే గాలి లేకపోయినా చెట్టు కూలుతుంది. మొదళ్లు కాలిన చోట నేల కింద గుంతలో నిప్పు వారాల తరబడి ఉండొచ్చు. కర్రతో పొడిచి చూశాకే అడుగేయండి.

• ముందు మట్టి వాన నీటికి కొట్టుకుపోకుండా ఆపాలి. మంట వేడికి కొన్ని నేలల్లో నీరు ఇంకని పొర ఏర్పడుతుంది. దుంగలను వాలుకు అడ్డంగా, నేలకు ఆనేలా పరచండి. కింద సందు ఉంటే నీరు అక్కడే మట్టిని కోసేస్తుంది.

• మొక్కలు నాటే తొందర వద్దు. బెరడు కొద్దిగా గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉంది.

• బూడిదకు గుడ్డ చాలదు, ఎన్95 మాస్క్ కావాలి.

• చినుకు పడితే అందరూ దిగిపోవాలి. ఆ మాట ఎవరు చెప్పాలో ముందే అనుకోండి, మొహమాటం పనికిరాదు.