ఉగాండాకి ట్రైనింగ్ ఇవ్వడానికి వెళ్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

అమలాపురం, భీమవరం వైపు నుంచి ఉగాండా ఆసుపత్రుల స్టాఫ్‌కి రీహాబ్ పని (జబ్బు తర్వాత రోగిని మళ్లీ తన పనులు తాను చేసుకునేలా చేయడం) నేర్పడానికి వలంటీర్లుగా వెళ్లే ఫిజియోలకీ, నర్సులకీ ఇది.

మొదట ఎల్లో ఫీవర్ టీకా. వేయించుకున్న 10 రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు, అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రలు కూడా డాక్టర్ని అడిగి మొదలెట్టండి, "కోనసీమ దోమలకే భయపడలేదు" అనే బడాయి అక్కడ పనికిరాదు.

ఆవకాయ సీసాకి బ్యాగులో చోటు వెతికే ముందు మీరు నేర్పబోయే వార్డులో ఏమున్నాయో ఫోన్ చేసి కనుక్కోండి. మంచాల ఎత్తు మారుతుందా, వీల్‌చైర్ బ్రేకులు పడుతున్నాయా? లేని మెషీన్ మీద పాఠం దండగ. పక్షవాతం రోగిని చచ్చుబడిన చేయి పట్టుకుని లాగి లేపకూడదని, కదల్లేనివాళ్లని సుమారు 2 గంటలకోసారి పక్కకి తిప్పాలని చేసి చూపించి, తర్వాత వాళ్ల చేత చేయించండి, రోగి ఇంటివాళ్లనీ పిలవండి, మనం విమానం ఎక్కేశాక చూసుకునేది వాళ్లే కదా.

అనుమతి లేకుండా రోగుల ఫొటోలు తీయొద్దు. అడాప్టర్ మర్చిపోకండి, అక్కడి ప్లగ్గులు పలక పిన్నులు మూడుండే రకం.