మానిటర్ లేని సర్వర్ పలకడం మానేసినప్పుడు

నేను చూసుకునే లినక్స్ మెషీన్లు ఆరు. ఒక్కదానికీ మానిటర్ లేదు, కీబోర్డు లేదు. కరెంటు వైరు, నెట్‌వర్క్ కేబుల్, అంతే. నడిచినంత కాలం వాటి వైపు చూడాల్సిన పనే ఉండదు. ఏదో ఒక రోజు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్) కొడితే కర్సర్ అక్కడే మిణుకుమంటూ ఉండిపోతుంది. చెయ్యి వెంటనే పవర్ బటన్ మీదికి పోతుంది. ముందు ఆ చెయ్యిని ఆపుకోండి.

బటన్ నొక్కితే ర్యామ్‌లో ఉన్న సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఏ ప్రాసెస్ ఇరుక్కుంది, కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆఖరున ఏం చెప్పింది అన్నవి ఇక దొరకవు. పాతబడిన హార్డ్ డిస్క్ అయితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. తిరుగుతున్నది తిరుగుతూనే ఉంటుంది గానీ, ఒకసారి ఆగితే మళ్లీ లేవకపోవచ్చు. అందుకే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటాను: ఇది ఎక్కడి దాకా వచ్చి ఆగింది? కరెంటు, బయోస్, బూట్‌లోడర్ (కర్నెల్‌ని లోడ్ చేసేది), కర్నెల్, డిస్కుల మౌంట్ (డిస్కుల్ని వాడకానికి జత చేయడం), నెట్‌వర్క్, లాగిన్. ఈ వరసలో ఆగిన మెట్టు తెలిస్తే సగం పని అయినట్టే.

బయటి నుంచే ఎంత తెలుస్తుందో

ఎస్ఎస్‌హెచ్ ఇచ్చే ఎర్రర్‌ని చాలామంది చదవకుండానే మళ్లీ మళ్లీ కొడతారు. అందులోనే బోలెడు సమాచారం ఉంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వచ్చిందంటే ఊపిరి పీల్చుకోవచ్చు. వద్దు అని చెప్పడానికైనా అవతల ఎవరో ఒకరు ఉండాలి కదా. కర్నెల్ బతికే ఉంది, నెట్‌వర్క్ ఉంది, చాలాసార్లు ఎస్ఎస్‌హెచ్ సర్వీసు ఒక్కటే లేవలేదని అర్థం. ‘టైమ్డ్ అవుట్’ అంటే మన ప్యాకెట్ వెళ్లింది, జవాబు లేదు. ఫైర్‌వాల్ మింగేసి ఉండవచ్చు, మెషీన్ పడిపోయి ఉండవచ్చు. ఒకే నెట్‌వర్క్‌లో ఉండి ‘నో రూట్ టు హోస్ట్’ అని వస్తే, ఆ ఐపీ నాదే అని ఎవరూ చెయ్యెత్తలేదని చాలాసార్లు అర్థం.

ఇంకొకటుంది. కనెక్షన్ కుదురుతుంది కానీ పాస్‌వర్డ్ అడగదు, అలాగే వేలాడుతూ ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌కి మైనస్ వి జోడించి కొడితే ‘కనెక్షన్ ఎస్టాబ్లిష్డ్’ దగ్గర ఆగడం కనిపిస్తుంది. మొదటి షేక్‌హ్యాండ్ కర్నెల్ పని, కాబట్టి అది అయింది. ఆ తర్వాత మాట్లాడాల్సిన ఎస్ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌కి వంతు రావడం లేదు. మెమరీ నిండి స్వాప్‌లో (ర్యామ్‌కి బదులు వాడే డిస్క్ జాగాలో) కొట్టుకుంటోంది, లేదా డిస్క్ ఇరుక్కుంది. ఇలాంటప్పుడు పదిహేను నిమిషాలు ఆగుతాను. కర్నెల్ ఏదో ఒక పెద్ద ప్రాసెస్‌ని చంపేసి తానే తేరుకోవడం నేను చాలాసార్లు చూశాను. దారి తెరుచుకోగానే పూర్తి షెల్ అడక్కండి. ఎస్ఎస్‌హెచ్ లైన్ చివరనే ఒక చిన్న కమాండ్ ఇచ్చి పంపితే లాగిన్ హంగామా అంతా లేకుండా అది నడిచి వస్తుంది.

పింగ్ పలకలేదని మెషీన్ చచ్చిపోయిందనుకోకండి. పింగ్ కొట్టిన వెంటనే మీ మెషీన్‌లో ‘ఐపీ నైబర్’ కమాండ్ చూడండి. ఆ ఐపీ పక్కన మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు), ‘రీచబుల్’ అన్న మాట ఉంటే అవతల కర్నెల్ జవాబిస్తోంది, పింగ్‌ని ఆపుతున్నది ఫైర్‌వాల్ మాత్రమే. ‘స్టేల్’ అని ఉంటే అది పాత జ్ఞాపకం, దాన్ని తుడిచేసి మళ్లీ కొట్టాలి. ‘ఫెయిల్డ్’ అని ఉంటే రౌటర్‌లోకి వెళ్లి డీహెచ్‌సీపీ లీజుల జాబితాలో (ఏ మెషీన్‌కి ఏ ఐపీ ఇచ్చిందో ఉండే పట్టీలో) మ్యాక్ వెతకండి. ఐపీ మారిపోయి, మనం ఖాళీ ఇంటి తలుపు కొడుతున్న సందర్భాలు తక్కువేం కాదు. నా ప్రతి మెషీన్ ముందు భాగాన మ్యాక్ అడ్రస్ రాసిన కాగితం అతికించి ఉంటుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువసార్లు గట్టెక్కించింది ఐపీవీ6 లింక్-లోకల్ అడ్రస్, అంటే ఒకే కేబుల్, స్విచ్ పరిధిలో మాత్రమే పనిచేసే అడ్రస్. ఐపీవీ4 సెట్టింగ్ మీరు ఎంత పాడు చేసినా, ఇంటర్‌ఫేస్ పైకి లేచి ఉంటే సాధారణంగా కర్నెల్ దానికి ఎఫ్ఈ80తో మొదలయ్యే అడ్రస్ ఒకటి తనంతట తానే పెట్టుకుంటుంది. ఒకసారి నెట్‌మాస్క్‌లో ఒక అంకె తప్పు కొట్టి గేట్‌వే పోగొట్టుకున్నాను. అదే స్విచ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి ఎఫ్ఎఫ్02, రెండు కోలన్లు, 1, ఆ పక్కనే పర్సెంట్ గుర్తు, నా ఇంటర్‌ఫేస్ పేరు పెట్టి పింగ్ కొట్టాను. ఆ కేబుల్ మీద ఉన్నవాళ్లందరికీ వినపడే పిలుపు అది. నాలుగు జవాబులు వచ్చాయి. మూడు నాకు తెలిసినవే. నాలుగో అడ్రస్‌కి, అదే పర్సెంట్ గుర్తు తోకతో, ఎస్ఎస్‌హెచ్ కొడితే లాగిన్ వచ్చేసింది. మెషీన్ దగ్గరికి వెళ్లాల్సిన పనే పడలేదు.

కేబుల్ పెట్టే చోట వెలిగే లైటుని మాత్రం గుడ్డిగా నమ్మకండి. వేక్-ఆన్-ల్యాన్ (నెట్‌వర్క్ నుంచి మెషీన్‌ని లేపే సౌకర్యం) ఆన్‌లో ఉంటే మెషీన్ ఆఫ్ అయినా ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది. స్విచ్‌లో ఆ పోర్టు స్పీడు చూడండి. గిగాబిట్ ఉండాల్సింది 10 మెగాబిట్‌కి పడిపోయి ఉంటే మెషీన్ నిద్రలో ఉండే అవకాశమే ఎక్కువ.

రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) అయితే పచ్చ లైటే దాని నోరు. లైటు నాలుగుసార్లు చిన్నగా మిణికి ఆగి, మళ్లీ అదే వరస మొదలైతే స్టార్ట్ ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకలేదని. ఏడుసార్లయితే కర్నెల్ ఇమేజ్ దొరకలేదని. రెండిటిలోనూ అనుమానం ముందు ఎస్‌డీ కార్డు మీదే.

బీఎంసీ ఉన్నవాళ్లకి

చాలా సర్వర్ బోర్డుల్లో బీఎంసీ అనే చిన్న కంప్యూటర్, అసలు మెషీన్ పడిపోయినా పలికేది, విడిగా ఉంటుంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐఎల్ఓ అంటారు. దానితో మాట్లాడే ఐపీఎంఐ పద్ధతి 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి తెచ్చింది. ఇప్పుడు చాలా బోర్డుల్లో దానికి తోడుగా రెడ్‌ఫిష్ అనే కొత్త పద్ధతి కూడా వస్తోంది. ఐపీఎంఐటూల్‌తో ముందు పవర్ స్టేటస్, ఆ తర్వాత ‘ఎస్ఈఎల్ లిస్ట్’ (బీఎంసీ రాసుకున్న సంఘటనల లాగ్) చూడండి. మెమరీ ఎర్రర్లు, పవర్ సప్లై పోవడం, వేడెక్కడం అన్నీ ఆ లాగ్‌లో తేదీలతో ఉంటాయి. ‘ఎస్ఓఎల్ యాక్టివేట్’ ఇస్తే సీరియల్ కన్సోల్ (అక్షరాలు మాత్రమే వచ్చే తెర) నెట్‌వర్క్ మీదే వస్తుంది. బయటికి రావడానికి టిల్డ, చుక్క కొట్టాలి. మీరు ఇంకో మెషీన్‌కి ఎస్ఎస్‌హెచ్ చేసి అక్కడి నుంచి వాడుతుంటే టిల్డ రెండుసార్లు కొట్టండి, లేకపోతే ముందు మీ ఎస్ఎస్‌హెచ్ తెగిపోతుంది.

ఐపీఎంఐ పోర్టు యూడీపీ 623. దాన్ని ఇంటర్నెట్‌కి ఎప్పుడూ తెరవకండి. ఐపీఎంఐ 2.0లో పాస్‌వర్డ్ సరిచూడక ముందే, యూజర్ పేరు చెప్పినవాడికి ఆ పాస్‌వర్డ్ హ్యాష్ (ఊహించి తేల్చగలిగే గుప్త రూపం) చేతికిచ్చేస్తుంది. అది అప్‌డేట్‌తో పోయే లోపం కాదు, పద్ధతిలోనే ఉంది.

సీరియల్ వైరు

బీఎంసీ లేకపోతే నేను నమ్మేది సీరియల్ వైరునే. అది ఎంత పని చేస్తుందో చెప్పాలంటే ఒక రాత్రి సంగతి చెప్పాలి.

ఒక మెషీన్ నుంచి బ్యాకప్ డిస్క్ తీసి వేరే దానికి పెట్టాను. బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చేయాలో చెప్పే, ఈటీసీలో ఉన్న ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో దాని లైన్ తీసేయడం మర్చిపోయాను. నాలుగు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, మెషీన్ మాత్రం రాలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, పింగ్ లేదు, ఐపీవీ6 పిలుపుకీ జవాబు లేదు. మదర్‌బోర్డు పోయిందనే అనుకున్నాను. టెన్షన్‌తోనే సీరియల్ వైరు తగిలించి రీస్టార్ట్ చేశాను. కర్నెల్ లైన్లు గబగబా పారాయి. తర్వాత ఎర్రటి చుక్కలు అటూ ఇటూ కదులుతూ, ‘ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అని తీసేసిన డిస్క్ యూయూఐడీ (గుర్తింపు నంబరు), దాని పక్కన 90 సెకన్ల లెక్క. అది అయిపోగానే ‘యు ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్’. బోర్డు బంగారంలా ఉంది. నెట్‌వర్క్ లేపడానికి ముందే, రాని డిస్క్ కోసం ఎదురుచూసి అక్కడే కూర్చుండిపోయింది.

రూట్ పాస్‌వర్డ్ ఉంటే అక్కడే లోపలికి వెళ్లవచ్చు. నాకు రూట్ అకౌంట్ లాక్ చేసి ఉంది. అప్పుడు చేయాల్సింది ఇది: మళ్లీ బూట్ చేసి, గ్రబ్ (బూట్‌లోడర్) మెనూ రాగానే ఇ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైన్ చివర ‘ఆర్‌డబ్ల్యూ’, ‘ఇనిట్ ఈక్వల్స్ స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్’ అని చేర్చి, కంట్రోల్-ఎక్స్ కొట్టండి. నేరుగా షెల్ వస్తుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ లైన్ ముందు హ్యాష్ గుర్తు (#) పెట్టి, ‘సింక్’ కొట్టి, ‘రీబూట్ మైనస్ ఎఫ్’ ఇచ్చాను. రెండు నిమిషాల్లో మెషీన్ పింగ్‌కి పలికింది.

ఇది జరగాలంటే సీరియల్ ముందే సిద్ధంగా ఉండాలి. గ్రబ్ సెట్టింగుల్లో కర్నెల్ లైన్‌కి కన్సోల్ రెండుసార్లు ఇవ్వాలి: ముందు టీటీవై0, తర్వాత టీటీవైఎస్0 పక్కన కామా, 115200ఎన్8. ఈ వరస ముఖ్యం. చివర ఇచ్చినదే అసలు కన్సోల్ అవుతుంది, బూట్ సందేశాలు, ఎమర్జెన్సీ షెల్ అక్కడికే వస్తాయి. గ్రబ్ మెనూని కూడా సీరియల్‌కి పంపమని విడిగా చెప్పాలి. లేకపోతే కర్నెల్ మొదలయ్యాకే అక్షరాలు కనిపిస్తాయి, మెనూలో ఇ నొక్కే వీలుండదు. లాగిన్ ప్రాంప్ట్ సంగతి సిస్టమ్‌డీ (సర్వీసుల్ని లేపే ప్రోగ్రామ్) తనే చూసుకుంటుంది.

తెరమీద పిచ్చి అక్షరాలు వస్తే రెండు వైపులా స్పీడు కలవలేదని. ఏమీ రాకపోతే ముందు ఎంటర్ కొట్టి చూడండి, ఆ తర్వాత వైర్లు: ఒకరి టీఎక్స్ (పంపేది) ఇంకొకరి ఆర్ఎక్స్‌కి (అందుకునేదానికి) పోవాలి. రాస్ప్‌బెర్రీ పైలో 6వ పిన్ను గ్రౌండ్, 8వది టీఎక్స్, 10వది ఆర్ఎక్స్. అవి 3.3 వోల్టుల పిన్నులు. పాత సీరియల్ పోర్టు నుంచి నేరుగా వైరు గుచ్చితే బోర్డు కాలిపోతుంది, 3.3 వోల్టుల యూఎస్‌బీ అడాప్టరే వాడండి. ఆ అడాప్టర్‌లోని ఎర్ర వైరు దేనికీ తగిలించకుండా వదిలేయండి.

డిస్క్ బయటికి తీయాల్సి వస్తే

సీరియల్ కూడా లేకపోతే మిగిలింది డిస్క్ తీసి వేరే మెషీన్‌కి పెట్టడమే. డిస్క్ మీదే అనుమానం ఉంటే మౌంట్ చేయకముందే డీడీరెస్క్యూతో కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేయండి. రీడ్-ఓన్లీ అని మౌంట్ చేసినా ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ తన జర్నల్‌లో మిగిలిన మార్పుల్ని డిస్క్ మీద రాసేస్తుంది. అది వద్దనుకుంటే ‘నోలోడ్’ కూడా ఇవ్వాలి.

తర్వాత లాగ్ చదివే జర్నల్‌సీటీఎల్‌కి ‘డైరెక్టరీ’ ఆప్షన్‌తో ఆ డిస్క్‌లోని లాగ్ ఫోల్డర్ చూపించి చివరి లైన్ చదవండి. ఆఖరి రాత ఏ గంటకి ఆగిందో చూడండి. బూట్ చేసిన సమయం తర్వాత ఒక్క లైనూ లేకపోతే అది కూడా జవాబే: లాగ్‌ని డిస్క్ మీద రాసే దశకి మెషీన్ రానే లేదు, కాబట్టి గ్రబ్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్క్ దొరికేదాకా కర్నెల్ వాడే చిన్న తాత్కాలిక సిస్టమ్), ఎఫ్‌ఎస్‌ట్యాబ్ వైపు చూడాలి. లైన్లు బాగానే ఉండి నెట్‌వర్క్ మాత్రమే లేకపోతే ఇంటర్‌ఫేస్ పేరు చూడండి. కొత్త పీసీఐఈ కార్డు ఒకటి పెడితే ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయిపోవచ్చు. కాన్ఫిగ్‌లో పాత పేరే ఉంటుంది. పేరుకి బదులు మ్యాక్‌తో జత చేస్తే ఈ బెడద ఉండదు. కర్నెల్ అప్‌డేట్ మధ్యలో ఆగి పాడయితే డెవ్, ప్రాక్, సిస్ బైండ్ చేసి, సీహెచ్‌రూట్‌తో ఆ డిస్క్‌లోని సిస్టమ్‌లోకి వెళ్లి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ మళ్లీ కట్టాలి.

బాగున్న రోజునే చేసి పెట్టుకోవాల్సినవి

లాగ్ రీస్టార్ట్‌తో పోకుండా, ‘వార్’లోని ‘లాగ్’ ఫోల్డర్‌లో ‘జర్నల్’ డైరెక్టరీ ఉందో లేదో చూసుకోండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రూట్ తప్ప, మెషీన్ లేవడానికి అక్కర్లేని ప్రతి డిస్క్‌కీ ‘నోఫెయిల్’ (ఆ డిస్క్ లేకున్నా ముందుకు సాగు) పెట్టండి. బయోస్‌లో కీబోర్డు లేదని ఆగే సెట్టింగ్ తీసేయండి, కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టండి. కర్నెల్ ప్యానిక్ అయితే (తేరుకోలేని తప్పు తగిలి ఆగిపోతే) అలాగే ఉండిపోవడం దాని మామూలు అలవాటు, ‘కర్నెల్ డాట్ ప్యానిక్’ విలువ 10 ఇస్తే పది సెకన్లకి రీస్టార్ట్ అవుతుంది. అలా రీస్టార్ట్ అయితే సాక్ష్యం పోతుంది కదా అంటారా? అందుకే నెట్‌కన్సోల్ కూడా పెట్టుకుంటాను. కర్నెల్ ఆఖరి మాటలు యూడీపీ మీద ఇంకో మెషీన్‌కి చేరిపోతాయి.

దూరం నుంచి నెట్‌వర్క్ మార్చేటప్పుడు ముందు ‘షట్‌డౌన్ మైనస్ ఆర్ ప్లస్ 10’ కొట్టి, మార్పుని ఫైల్లో రాయకుండా కమాండ్‌తోనే చేయండి. దారి మూసుకుపోతే పది నిమిషాల్లో పాత సెట్టింగ్‌తో తిరిగి వస్తుంది. బాగుంటే ‘షట్‌డౌన్ మైనస్ సి’తో రద్దు చేసి, అప్పుడు ఫైల్లో రాయండి. నెట్‌ప్లాన్ వాడేవాళ్లకి ‘నెట్‌ప్లాన్ ట్రై’ ఉంది, 120 సెకన్లలో ఎంటర్ కొట్టకపోతే తనే వెనక్కి తీసుకుంటుంది.

మెషీన్ తిరిగి లేచాక వెంటనే వైర్లు పీకేయకండి. జర్నల్‌సీటీఎల్ మైనస్ బి మైనస్ 1 ఇచ్చి పోయినసారి బూట్ లాగ్ చివర చదవండి. సీరియల్ వైరు ఇంకా తగిలించి ఉండగానే, మీ చేతులతో మీరే ఇంకోసారి రీబూట్ చేయండి. అది ఏ సాయం లేకుండా లాగిన్ దాకా వచ్చాక వైరు తీయండి.