కళ్లలో మంటా, చూపులో వంకరా? పొడికన్ను ఏది, మాక్యులా సమస్య ఏది

కళ్లు పొడిబారితే మాక్యులా (సూటి చూపునిచ్చే రెటీనా నడిమి భాగం) దెబ్బతిని చూపు పోతుందేమోనని చాలామంది టెన్షన్ పడతారు. రెండింటిలోనూ ఇన్‌ఫ్లమేషన్ (కణజాలం రేగి వాచడం) ఉంది, రెండూ వయసుతో పెరుగుతాయి. కానీ ఒకటి కంటి పైపొరలో, ఇంకోటి కంటి వెనకాల రెటీనా నడిమధ్యలో జరుగుతాయి, మొదటిది రెండోదాన్ని తెచ్చిపెడుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. నా భయమల్లా మాక్యులా లక్షణాన్ని పొడిదనం అనుకుని చుక్కలు వేసుకుంటూ నెలలు గడిపేసేవాళ్ల గురించే.

మంట, ఇసుక పడ్డట్టు గరగర, రెప్పలార్పితే తేటపడే మసక

కారణం: కన్నీటి పొర నిలవకపోవడం. రెప్పల అంచునున్న నూనె గ్రంథులు మూసుకుపోతే కన్నీరు త్వరగా ఆవిరైపోతుంది, దాంతో పైపొర రేగి ఇన్‌ఫ్లమేషన్ మొదలవుతుంది, అది మళ్లీ కన్నీటినే పాడుచేస్తుంది. స్క్రీన్ చూస్తూ రెప్పలార్పడం తగ్గినా, కొన్ని అలర్జీ మాత్రలు వాడినా ఇది పెరుగుతుంది.

పరిష్కారం: మూసిన రెప్పల మీద రోజూ ఓ పది నిమిషాలు గోరువెచ్చటి కాపడం. చుక్కలు తరచూ వేసుకోవాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివే తీసుకోండి. అయినా తగ్గకపోతే డాక్టర్ ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే సైక్లోస్పోరిన్ చుక్కలు రాయవచ్చు, దాని గుణం కనిపించడానికి నెలలు పట్టొచ్చు, మధ్యలో ఆపేయకండి. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా వద్దు, కంటి ప్రెషర్ పెరగొచ్చు.

తిన్నని గీతలు వంకరగా, చూపు మధ్యలో మచ్చ

ఒక కన్ను మూసి రెండోదానితో తలుపు అంచునో గళ్ల కాగితాన్నో చూడండి, తర్వాత కన్ను మార్చండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను లోపాన్ని కప్పేస్తుంది.

కారణం: వయసుతో మాక్యులా క్షీణించడం, ఇందులో రెండు రకాలు. డ్రై రకంలో (పేరు డ్రై అయినా ఇది పొడికన్ను కాదు) రెటీనా కింద డ్రూసెన్ అనే పదార్థం పేరుకుని కణాలు మెల్లగా చనిపోతాయి, వెట్ రకంలో కొత్త రక్తనాళాలు పుట్టి కారతాయి.

పరిష్కారం: వంకర కొత్తగా కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లోనే రెటీనా డాక్టర్ దగ్గరికెళ్లి ఓసీటీ స్కాన్ (కాంతితో రెటీనా పొరల్ని చూపించే పరీక్ష) చేయించుకోవాలి. వెట్ రకానికి కంటిలోకి ఇంజెక్షన్లు ఉన్నాయి, ఎంత త్వరగా మొదలైతే అంత చూపు నిలుస్తుంది. జబ్బు మధ్యస్థ దశలో ఉంటే ఏఆర్‌ఈడీఎస్2 అనే అధ్యయనంలో పరీక్షించిన విటమిన్లు (లూటీన్ 10 మి.గ్రా., జియాజాంథిన్ 2 మి.గ్రా. ఉన్నవి) ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయి. పొగతాగడం మానేయాలి, తాగేవాళ్లూ మానేసినవాళ్లూ బీటా కెరోటిన్ ఉన్న పాత రకం విటమిన్ల జోలికి పోవద్దు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది.

మాక్యులా ఇంజెక్షన్ తర్వాత మంట

శుభ్రం చేయడానికి వాడే పోవిడోన్ అయోడిన్ పైపొరను రేపుతుంది, ముందే పొడికన్ను ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. బాగా కడగమనీ, లూబ్రికెంట్ చుక్కలు రాయమనీ అడగండి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. అలా కాకుండా నొప్పి, ఎరుపు పెరుగుతూ చూపు తగ్గుతుంటే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే వెళ్లండి.