పైలట్ మనసుకు సాధన – 4వ పాఠం: బౌన్స్ తర్వాత పది సెకన్లు

కిందటి పాఠంలో కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, సర్క్యూట్ మొత్తం, అంటే రన్‌వే మీంచి లేచి చుట్టూ తిరిగి మళ్లీ దిగే దాకా, మనసులోనే ఎగరడం నేర్చుకున్నాం. రోజూ పది నిమిషాలు చేసినవాళ్లకు ఈపాటికి డౌన్‌విండ్ చెక్స్ (రన్‌వేకి సమాంతరంగా వెనక్కి ఎగిరేటప్పుడు చేసే తనిఖీలు) నోటికి వచ్చేసి ఉంటాయి. చేయనివాళ్లు దీన్ని పక్కన పెట్టి ముందు అది పూర్తి చేయండి. ఇవాళ్టి పాఠం ఆ సాధన మీదే నిలబడుతుంది.

ఆ కుర్చీ సర్క్యూట్లలో ప్రతి ల్యాండింగూ చక్కగా కుదిరింది. ఇవాళ ఒకటి చెడగొడదాం.

సెస్నా 172, చిన్న శిక్షణ విమానం. ఏప్రిల్ నెల, పొద్దున పదకొండు గంటలు. ఎండకు రన్‌వే తారు కాగుతోంది, ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగి వచ్చే చివరి భాగంలో, విమానం కుదురుగా ఉండటం లేదు. మీకు పద్దెనిమిది గంటల అనుభవం ఉంది. స్పీడు కాస్త ఎక్కువగా తెచ్చారు, ఫ్లేర్ (నేలను తాకే ముందు ముక్కు మెల్లగా పైకెత్తడం) ఆలస్యమైంది. చక్రాలు గట్టిగా తగిలాయి, విమానం మళ్లీ గాల్లోకి లేచింది. ముక్కు పైకి, స్పీడు కిందికి. చేయి తనంతట తానే యోక్‌ని, అంటే ముక్కుని పైకీ కిందికీ తిప్పే చక్రాన్ని, ముందుకు నెట్టింది.

ప్రమాదం ఉన్నది ఆ నెట్టడంలో. మొదటి బౌన్స్ సాధారణంగా విమానాన్ని విరగ్గొట్టదు. ముక్కు పైకి లేచిందని మీరు గ్రహించి నెట్టేసరికి విమానం అప్పటికే కిందికి దిగడం మొదలుపెట్టి ఉంటుంది. మీ నెట్టుడు దానికి తోడై, ఈసారి ముందు చక్రం ముందుగా నేలను గుద్దుతుంది. ముక్కు ఇంకా ఎత్తుకి లేస్తుంది. మీరు ఇంకా గట్టిగా నెడతారు. చేయి ఎప్పుడూ విమానం కంటే అర సెకను వెనకే ఉంటుంది కాబట్టి ప్రతి గెంతూ ముందుదాని కంటే పెద్దదవుతుంది. రెండు మూడు గెంతులయ్యేసరికి ముందు చక్రం కాలు వంగడం, ప్రొపెల్లర్ నేలకు తగలడం దాకా వస్తుంది. దీన్ని పోర్పాయిజింగ్ అంటారు. గ్రౌండ్ స్కూల్లో ఈ మాట అందరూ చదువుతారు. అయినా ఆ క్షణంలో చేయి ఎందుకు నెడుతుంది?

ఉలికిపాటు వల్ల. అనుకోని దెబ్బ తగలగానే శరీరం బిగుసుకుంటుంది, ఊపిరి ఆగుతుంది, గుండె వేగం పెరుగుతుంది, చూపు ఒక్కచోట ఇరుక్కుంటుంది. చెవి దాదాపు మూసుకుపోతుంది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ అరిచినా మాట లోపలికి వెళ్లదు. ఒకటి రెండు సెకన్లలో ఇది దానంతట అదే సర్దుకుంటుంది. సర్దుకోనివ్వనిది దాని వెనకే వచ్చే ఇంకో ఆలోచన: "అయ్యో, మళ్లీ చెడగొట్టాను. సార్ ఏమనుకుంటారో." అక్కడితో మనసు జరిగిపోయిన బౌన్స్ దగ్గరే ఉండిపోతుంది. విమానం మాత్రం ఆగదు.

మన పిల్లల విషయంలో ఈ ఆలోచనకు ఇంకో బరువు కూడా ఉంటుంది. ఫ్లయింగ్‌కి డబ్బు ఎలా వచ్చిందో ప్రతి స్టూడెంట్‌కీ తెలుసు. కొందరి ఇళ్లలో పొలం అమ్మారు, కొందరి ఇళ్లలో ఇల్లు తాకట్టులో ఉంది. కమర్షియల్ లైసెన్సుకు మన దగ్గర 200 గంటలు కావాలి, ప్రతి గంటకూ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. గో అరౌండ్ చేస్తే, అంటే దిగడం మానేసి పైకి లేచి ఇంకో చుట్టు తిరిగి వస్తే, ఒక ల్యాండింగ్ దండగ అని లోపల ఎవరో గొణుగుతారు. నేను చూసిన స్టూడెంట్లలో చాలామంది భయపడి బౌన్స్‌ని సరిచేయబోలేదు. నాన్న డబ్బు వృథా కాకూడదని సరిచేయబోయారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. గో అరౌండ్ కూడా మీరు డబ్బిచ్చి నేర్చుకుంటున్న విద్యే. ఆ సర్క్యూట్ ఎక్కడికీ పోలేదు, మీ చేతిలోకే వచ్చింది.

ఎంత అనుభవం ఉన్నా ఇదే వల. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 మంగళూరులో దిగుతోంది. అది కొండమీద చదును చేసి కట్టిన రన్‌వే. విమానం ఉండాల్సినదానికంటే బాగా ఎత్తులో ఉంది, వేగమూ ఎక్కువే. ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు గో అరౌండ్ అన్నారు. కెప్టెన్ దిగడానికే మొగ్గు చూపారు. దాదాపు 8,000 అడుగుల రన్‌వే మీద సుమారు 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. విమానాన్ని ఆపడానికి వాడే రివర్సర్లు తెరిచిన తర్వాత ఆయన మళ్లీ పైకి లేవబోయారు. అప్పటికి ఆలస్యమైపోయింది. 166 మందిలో 158 మంది పోయారు. ఈ సంగతి చెప్పి ఎవరినీ తప్పుపట్టాలని నాకు లేదు. "మళ్లీ వెళ్దాం" అన్న మాట వినబడినా మనసు ముందున్న నేలకే అతుక్కుపోగలదు. సెస్నాలో మీ మనసు అతుక్కునే తీరూ అదే.

ఇక సాధన. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి: పట్టు, పలుకు, పైకి.

పట్టు అంటే ముక్కుని ల్యాండింగ్ భంగిమలోనే పట్టి ఉంచడం. నెట్టొద్దు, లాగొద్దు. చూపు రన్‌వే అవతలి చివరికి తీసుకెళ్లండి, అప్పుడే ముక్కు ఎంత లేచిందో తెలుస్తుంది. చక్రాల కింది తారుని చూస్తూ ఉంటే తెలియదు. గెంతు చిన్నదైతే కాస్త పవర్ ఇచ్చి అదే భంగిమలో మళ్లీ కూర్చోనివ్వచ్చు. గెంతు పెద్దదైనా, చిన్నదా పెద్దదా అన్న అనుమానం వచ్చినా, తర్వాతి మాటకి వెళ్లిపోండి.

పలుకు అంటే నోరు తెరిచి "గో అరౌండ్" అనడం. రేడియోలో కాదు, కాక్‌పిట్‌లోనే, మీకూ పక్కవాళ్లకీ వినబడేలా. టవర్‌కి తర్వాత చెప్పొచ్చు, ముందు విమానం ఎగరాలి. పైకి అనడం ఎందుకంటే, మాట రావాలంటే బిగపట్టిన ఊపిరి బయటికి రావాలి. ఊపిరి కదిలితే చేయీ వదులవుతుంది. పైగా మాట బయటికొచ్చాక నిర్ణయం అయిపోయినట్టే. మనసులో అనుకున్నదాని మీద ఇంకా బేరం నడుస్తుంది, నోటితో అన్నదాని మీద నడవదు.

పైకి అన్నదానికి కొంచెం వివరం కావాలి, చాలామంది తడబడేది ఇక్కడే. థ్రాటిల్ (ఇంజన్ పవర్ మీట) పూర్తిగా ముందుకి. కార్బ్యురేటర్ ఉన్న ఇంజన్ అయితే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా వేడి గాలి పంపేది) మూసేయండి. ల్యాండింగ్‌కి పెట్టుకున్న ట్రిమ్ (చేతి బరువు తగ్గించడానికి పెట్టుకునే సర్దుబాటు) అలాగే ఉంటుంది కాబట్టి ఫుల్ పవర్ రాగానే ముక్కు బలంగా పైకి ఎగబాకుతుంది. ఇప్పుడు మాత్రం యోక్ మీద గట్టిగా ముందుకి ఒత్తిడి కావాలి. విమానం ఎడమకి లాగుతుంది, కుడి రడ్డర్ పెడల్ తొక్కండి. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) ఒక్కసారిగా తీసేయొద్దు, విమానం కుంగిపోతుంది. 172లో ముందు 20 డిగ్రీలకు తెచ్చి, వేగం పుంజుకుని పైకి ఎక్కడం మొదలయ్యాక మిగతావి మెల్లగా తీయాలి. మీరు నడిపే విమానం హ్యాండ్‌బుక్ తెరిచి ఆ వరస, ఆ వేగాలు ఒక కార్డు మీద రాసుకోండి. నా మాట కంటే ఆ పుస్తకం మాటే చెల్లుతుంది.

ఇంట్లో ఎలా చేయాలంటే, కుర్చీ సర్క్యూట్ చేస్తున్నప్పుడు తమ్ముడినో రూమ్మేట్‌నో పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లు తమకు తోచినప్పుడు "బౌన్స్" అనాలి. ఒకసారి మూడో సర్క్యూట్‌లో, ఒకసారి వరసగా రెండింటిలో, ఒకరోజు అసలు అనకుండా. ఎప్పుడొస్తుందో తెలిస్తే అది ఉలికిపాటే కాదు. మాట వినగానే చేతులు కదలాలి, నోరు పలకాలి. ఆదివారం రెండు గంటలు కూర్చోవడం కంటే రోజుకి పది నిమిషాలు చేస్తేనే ఇది ఒంట్లోకి ఇంకుతుంది.

ఇలాంటి సాధన ఏం చేయగలదో చెప్పడానికి నాకు ఎప్పుడూ డెనీ ఫిచ్ గుర్తొస్తారు. 1989 జూలై 19న యునైటెడ్ 232, ఒక డీసీ-10, అమెరికా మీదుగా ఎగురుతుండగా తోక ఇంజన్ పగిలి కంట్రోల్స్‌ని కదిలించే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. కంట్రోల్స్ ఏవీ పనిచేయవు. ఫిచ్ అదే విమానం మీద శిక్షణ ఇచ్చే పైలట్, ఆ రోజు ప్రయాణికుడిగా కూర్చుని ఉన్నారు. 1985లో జపాన్ ఎయిర్‌లైన్స్ 123 ఇలాగే హైడ్రాలిక్స్ పోయి కూలిందని తెలిశాక, ఇంజన్ల పవర్‌తోనే విమానాన్ని నడపవచ్చా అని ఆయన సిమ్యులేటర్‌లో సొంతంగా ప్రయత్నించి చూశారు. అది చేయమని ఆయన్ని అడిగినవాళ్లు లేరు. ఆ రోజు కాక్‌పిట్‌లోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని థ్రాటిల్స్ పట్టుకున్నారు. కెప్టెన్ ఆల్ హేన్స్ ఆయన్ని రానిచ్చారు, మాట విన్నారు. అదీ ఒక శిక్షణే. సూ సిటీలో నేలను తాకి విమానం ముక్కలైంది. అయినా 296 మందిలో 184 మంది బతికారు.

ఇప్పుడు ఇన్‌స్ట్రక్టర్లతో ఒక మాట. కొత్తలో నేను స్టూడెంట్ బౌన్స్ కొట్టగానే క్రాస్‌విండ్‌లోనే, అంటే పైకి లేచాక మొదటి మలుపు దగ్గరే, క్లాసు మొదలుపెట్టేవాణ్ణి. "ఎన్నిసార్లు చెప్పాను?" అంటూ డౌన్‌విండ్ అంతా మాట్లాడేవాణ్ణి. తర్వాతి ల్యాండింగ్ ముందుదానికంటే ఘోరంగా ఉండేది. నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది: ఆ కుర్రాడు చెక్స్ చేయాల్సిన సమయమంతా నా కోపానికి జవాబు వెతకడంలో గడుపుతున్నాడు. ఆ పిల్లల గంటలు నేను పాడుచేశాననే బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు గాల్లో రెండే మాటలు. బౌన్స్ ప్రమాదంగా మారుతుంటే "ఐ హావ్ కంట్రోల్" అని విమానాన్ని నా చేతిలోకి తీసుకోవడం, ఆలస్యం లేకుండా. లేకపోతే మౌనం. స్టూడెంట్ గో అరౌండ్ చేస్తే "బాగుంది" అని, అంతటితో ఆపాలి. మిగతాది నేల మీద, ఇంజన్ ఆపాక, నీళ్లు తాగాక. అప్పుడు కూడా "ఎందుకలా చేశావు?" అంటే సంజాయిషీ వస్తుంది. "నీకు ఏం కనిపించింది?" అని అడగండి. "తారు పక్కనుంచి పరిగెడుతున్నట్టు అనిపించింది సార్" అంటాడు. అక్కడ దొరుకుతుంది అసలు లోపం, చూపు దగ్గరలో ఉంది.

సోలోకి, అంటే ఒంటరిగా ఎగరడానికి, పంపేటప్పుడు కూడా నేను మూడు మెత్తని ల్యాండింగులు చూసి పంపను. మెత్తనివి గాలి దయ వల్ల కూడా వస్తాయి. ఒక్క చెడ్డ బౌన్స్ నుంచి నా మాట లేకుండా బయటపడటం చూస్తే అప్పుడు నాకు ధైర్యం. ఆ రోజు పక్క సీటు ఖాళీగా ఉంటుంది కదా.

స్టూడెంట్లకు ఇంకొకటి. చెడ్డ ల్యాండింగ్ తర్వాత రాత్రి నిద్ర పట్టకపోతే, మర్నాడు అలాగే విమానం ఎక్కొద్దు. "సార్, ఇవాళ నేను సరిగ్గా లేను" అని చెప్పండి. ఆ మాట చెప్పగల స్టూడెంట్ మీద ఏ మంచి ఇన్‌స్ట్రక్టర్‌కైనా నమ్మకం పెరుగుతుంది. చెప్పలేక ఎక్కేవాడి గురించే నాకు దిగులు.

ఈ వారం పని. కుర్చీ సర్క్యూట్‌లు రోజుకి నాలుగు, "బౌన్స్" అనే మనిషితో. నిజంగా ఎగిరిన రోజు లాగ్‌బుక్ పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ప్రతి ల్యాండింగ్‌కి మూడు ముక్కలు రాయండి: ఏం చూశాను, చేయి ఏం చేసింది, రేపు ఏం మారుస్తాను. "చెడ్డ ల్యాండింగ్" అని రాయొద్దు, దానివల్ల ఏమీ తెలియదు. "పది అడుగుల ఎత్తులోనే ఫ్లేర్ మొదలైంది, చూపు దగ్గర్లో ఉంది" అని రాయండి. వచ్చే పాఠం ఫైనల్ మీద, అంటే బౌన్స్ పుట్టే చోటు మీద. దానికి ఈ నోటుపుస్తకంలో కనీసం పది ల్యాండింగులు ఉండాలి.